రెండో తాళంచెవి

ఈమధ్య ఒక మధ్యాహ్నం రాజోలు నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. ప్రభుత్వ ఆఫీసులో క్యాషియరు ఉద్యోగానికి ఎంపికయ్యాననీ, చేరే ముందు ఇవ్వాల్సిన కాగితాల్లో తీరని అప్పులేమైనా ఉన్నాయా అని ఒక గడి ఉందనీ చెప్పి, ఇదివరకు తనతో పనిచేసిన ఒకాయన రొయ్యల చెరువు కోసం తీసుకున్న లోనుకి తను హామీ సంతకం పెట్టిన సంగతీ, ఆయన వాయిదాలు కట్టడం మానేసిన సంగతీ బయటపెట్టింది. "అప్పు నాది కాదు కదా పెద్దమ్మా, లేదని రాసెయ్యనా?" అంది. చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. ఇంచుమించు ఇదే ప్రశ్న నలభై ఏళ్ళ క్రితం నన్ను ఇంకొకరు అడిగారు. అప్పుడు నేనిచ్చిన జవాబు ఇవాళ్టికీ నన్ను వదల్లేదు.

అడిగింది మా మావయ్యగారు, అంటే మా అమ్మ తమ్ముడు. నేను కొత్తగా టైపిస్టుగా చేరిన ఖజానా ఆఫీసులోనే ఆయన పాత గుమాస్తా. నా ఈడు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, ఆ రోజుల్లో మా ఖజానా గదికి రెండు తాళాలుండేవి. ఒక చెవి ఆఫీసరుగారి దగ్గర, రెండోది నమ్మకస్తుడని పేరున్న గుమాస్తా దగ్గర, ఇద్దరూ కలిస్తే తప్ప తలుపు తెరుచుకునేది కాదు. ఆ రెండో తాళంచెవి కోసం మావయ్యగారు పద్దెనిమిదేళ్ళు ఎదురుచూశారు. దానివల్ల జీతం పెరిగేదేమీ లేదు. కానీ పొలం కూలి చేసిన తండ్రికి పుట్టినవాడి చేతికి సర్కారు తాళంచెవి రావడమంటే మా పేట మొత్తానికీ గొప్పే. ఆదివారం చర్చిలో కానుకల సంచి లెక్క కూడా అప్పటికే ఆయన చేతిమీదే జరిగేది.

ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, మొహమాటం. మొహమాటానికి పోతే ఏదో అయిందని మనవాళ్ళ సామెత, పూర్తిగా రాయను, మీకు తెలిసిందే. ఐ.పోలవరంలో ఉండే చిన్ననాటి స్నేహితుడు పడవ కొనుక్కుంటానంటే ప్రోనోటు మీద హామీగా సంతకం చేసేశారు. పడవ తుఫానులో పోయింది, స్నేహితుడు ఊరొదిలి పోయాడు, నోటు మిగిలింది.

అప్పిచ్చిన కొత్తపేట షావుకారుగారు మొహమాటంలో మావయ్యగారిని మించినవారు. చచ్చినా నోరు తెరిచి అడగరు. నెలకోసారి గొడుగు చంకన పెట్టుకుని వచ్చి మా ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చునేవారు. "ఆయ్, ఇటుగా వచ్చేనండీ, ఓసారి చూసి పోదామని" అనేవారు. మావయ్యగారు టీ తెప్పించేవారు, ఇద్దరూ వానల గురించీ కొబ్బరి ధర గురించీ మాట్లాడుకునేవారు. చల్లకొచ్చి ముంత దాచడమంటే అదే. తర్వాత నెలకోసారి కాస్తా వారానికోసారి అయింది. ఆపైన టీ కూడా వద్దని, ఊరికే కూర్చుని మావయ్యగారి కుర్చీ వైపు చూసి వెళ్ళిపోయేవారు. టైపు మిషను వెనక కూర్చున్న నాకు ఆ గొడుగు కనపడితే చాలు, తల దించుకుని టకటకా టైపు కొట్టడమే పని.

అంతలో ఆ తాళంచెవి ఉంచుకునే గుమాస్తా చోటు ఖాళీ అయింది, మావయ్యగారి వంతు వచ్చింది. అప్పుల్లో ఉన్నవాడి చేతికి ఖజానా అప్పగించకూడదని నియమం, అది తప్పనీ అనను. ఉన్న అప్పులు రాసిమ్మని ఇచ్చిన కాగితం పట్టుకుని మావయ్యగారు నా దగ్గరికి వచ్చి, "జామీను సంతకం అప్పు కిందకి వస్తుందంటావా అమ్మా?" అని అడిగారు. రూల్సు పుస్తకాలున్న బీరువా నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. లేవలేదు. పద్దెనిమిదేళ్ళ ఆశ కనపడుతున్న ఆ ముఖం చూసి కాదనలేక, "రాదు లెండి మావయ్యగారూ, అది మీ అప్పు కాదుగా" అన్నాను. 'లేదు' అని టైపు చేసిందీ నేనే.

తాళంచెవి వచ్చింది. మొలతాడుకి కట్టుకున్నారు. అత్తయ్యగారు గారెలు వండి పేటంతా పంచారు. మూడోవారంలో, షావుకారుగారు బల్ల మీద ఉండగా ఆఫీసరుగారు అటుగా వస్తూ, ఎవరికోసం వచ్చారండీ అని మర్యాదకి పలకరించారు. షావుకారుగారు లేచి నిలబడి, మావయ్యగారికి మేలు చేస్తున్నాననుకుని, "నిప్పులాంటి మనిషండీ ఈయన. అసలువాడు ఎగ్గొట్టి పోయినా, నోటు మీద ఈయన సంతకం ఉందనే ధైర్యంగా ఉన్నానండీ" అన్నారు. ఆఫీసరుగారు తన గదిలోకి వెళ్ళి మావయ్యగారి ఫైలు తెప్పించుకున్నారు.

అప్పుందని రాసి ఉంటే తీర్చుకోవడానికి గడువిచ్చేవాడినేమో గానీ, లేదని అబద్ధం రాసిన చేతిలో తాళంచెవి ఉంచలేనన్నారు ఆయన. అలా రాయమని ఎవరు చెప్పారని అడిగారు. మావయ్యగారు నా వైపు చూడనైనా చూడలేదు. "నా సొంత బుద్ధితోనే రాసేనండీ" అన్నారు. ఆ వాంగ్మూలం టైపు చేయాల్సిందీ నేనే. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు, భయం. నోరు మూసుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టి ఇచ్చాను.

ఆయన్ని పాత రికార్డుల గదికి మార్చారు. చర్చిలో కానుకల సంచి, ఎవరూ అడక్కుండానే, ఆయనే తిరిగి ఇచ్చేశారు. నోటు బాకీ అణాపైసలతో సహా తీర్చారు. ఆ మాట మా ఇద్దరి మధ్యా మళ్ళీ ఎన్నడూ రాలేదు. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ మొలతాడు తడుముకునే అలవాటు మాత్రం ఆయన పోయేదాకా పోలేదు.

ఆ రోజుల్లో అప్పు గొడుగు పట్టుకుని నడిచి వచ్చేది, దానికో ముఖం ఉండేది, టీ ఇస్తే తాగేది. ఇప్పుడు బల్ల మీద కూర్చునేవాళ్ళు లేరు. కంప్యూటరులో మన పాన్ నంబరు కొడితే అప్పుల మీద పెట్టిన మన సంతకాలన్నీ ఎక్కడో ఎవరికో కనపడతాయట, మన గురించి మనకంటే ముందు వాళ్ళకే తెలుస్తుందట. అందుకు కాదు గానీ, చెల్లెలి కూతురితో, హామీ కూడా అప్పు కిందే అనుకుని ఉన్నది ఉన్నట్టు రాసెయ్యమనీ, నా మాట మీద ఉండకుండా ఆ ఆఫీసులోనే అడిగి తెలుసుకోమనీ చెప్పాను. "రాస్తే ఉద్యోగం ఇస్తారంటావా పెద్దమ్మా?" అంది.

నాకు తెలియదమ్మా, అన్నాను. ఆ చిన్న మాట ఆనాడు మావయ్యగారితో అనడానికి నాకు నోరు రాలేదు.