ఫీజు మినహాయింపు ఫారంలో ఐదో గడి

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ముందుగదిలో ఉన్నవాళ్ళం ముగ్గురం: అమ్మ, చెల్లి, నేను. చాప మీద ఉన్నవి: మెడికల్ కాలేజీ అప్లికేషను, దాంతోపాటు వచ్చిన ఫీజు మినహాయింపు ఫారం, జిగురు సీసా, చెల్లి పాస్‌పోర్టు ఫొటోలు ఆరు, పదో తరగతి మార్కుల లిస్టు, ఇంటర్ మార్కుల లిస్టు, ఆదాయం సర్టిఫికెట్టు, కులం సర్టిఫికెట్టు, బాప్తిస్మం సర్టిఫికెట్టు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు. నాన్న లేడు. కడియంలో మొక్కల లారీ లోడింగు ఉందని, చర్చి అవగానే సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

తొంభైల చివరి సంగతి ఇది. నేను ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసి, మండపేటలో ఒక రైసు మిల్లులో మోటార్లు, ప్యానెల్ బోర్డులు చూసేవాణ్ణి. ఆదివారం ఇంటికి వస్తే పేటలో ఎవరికి ఏ ఫారం నింపాలన్నా నా దగ్గరికే తెచ్చేవారు. డ్రాయింగు క్లాసులో నేర్చిన అక్షరాలు నావి. కొట్టివేతలు ఉండవు, గీత దాటి పోవు.

చెల్లికి ఇంటర్‌లో వెయ్యికి తొమ్మిది వందల నలభై రెండు వచ్చాయి. డాక్టరు కావాలన్న ఆలోచన అంతకు ముందే ఉంది. తను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న నర్సరీలో పురుగుమందు కొట్టి వచ్చి వాంతులతో పడిపోయాడు. మేమందరం ఏడుస్తుంటే, తను నర్సరీకి పరిగెత్తి డబ్బా తెచ్చి, దాని మీది సన్న అక్షరాలు కూడబలుక్కుని, ఆస్పత్రిలో మందు పేరు చెప్పింది. డాక్టరు గారు ఒక్కసారి చెల్లి వైపు చూసి ఇంజెక్షను రాశారు. ఆ చూపు గురించి చెల్లి తర్వాత చాలాసార్లు చెప్పింది.

తనకు రెండు దారులున్నాయి. ఒకటి ఎంసెట్. ఎస్సీ కోటాలో గవర్నమెంటు కాలేజీలో సీటు వస్తుందని లెక్చరర్లు గట్టిగానే చెప్పారు. రెండోది వేరే జిల్లాలో మిషన్ వాళ్ళ కాలేజీ. దానికి సొంత పరీక్ష ఉంది. దాని అప్లికేషను ఫీజు నాన్నకు పదిహేను రోజుల కూలి. కానీ మంచి మార్కులున్న మైనారిటీ విద్యార్థులకు ఆ ఫీజు మినహాయిస్తామని ప్రాస్పెక్టస్ చివర రాశారు. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని ఆ మినహాయింపు ఫారం కూడా నింపడానికి కూర్చున్నాం.

ఇక్కడ మా కాగితాల సంగతి చెప్పాలి. ఊరికి ఎడంగా ఉండే మా పేటలో ప్రతి ఇంట్లోనూ రెండు రకాల కాగితాలుంటాయి. గవర్నమెంటు కాగితాల్లో మేం హిందువులం, ఎస్సీలం. చర్చి రిజిస్టరులో క్రైస్తవులం. బడిలో ఒక పేరు, చర్చిలో ఇంకొక పేరు. ఎస్సీలు క్రైస్తవంలో చేరితే బీసీ-సి కిందికి వస్తారని రూలు; ఆ కోటా చాలా చిన్నది. మతం మారినందువల్ల పేట మారలేదు, పని మారలేదు, ఊళ్ళో మమ్మల్ని పిలిచే పిలుపు మారలేదు. సర్టిఫికెట్టు ఒక్కటే మారాలి. దాన్ని ఎవరూ మార్చుకోలేదు. మార్చుకోలేదని బయటికి అనుకోలేదు కూడా. అమ్మ చర్చి కాగితాలను బైబిల్లో పెట్టేది, గవర్నమెంటు కాగితాలను ట్రంకుపెట్టెలో. అన్ని ఇళ్ళల్లోనూ అంతే. ఆ రెండూ ఒక చోట చేరకూడదన్నది ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన పద్ధతి.

ఫారంలో జతపరచినవి అనే శీర్షిక కింద ఏడు గడులున్నాయి. నాలుగోది బాప్తిస్మం సర్టిఫికెట్టు. ఐదోది కులం సర్టిఫికెట్టు, ఉన్నట్లయితే.

"ఆ రెండూ ఒక కవర్లో ఎట్టకురా," అంది అమ్మ.

"ఎందుకమ్మా?"

"ఎట్టకంటే ఎట్టకు. ఇప్పటిదాకా ఎవరూ ఎట్టలేదు."

"ఇది గవర్నమెంటుకి కాదు కదా. మిషన్ వాళ్ళకి. మనోళ్ళే. ఉన్నట్లయితే పెట్టమన్నారు. ఉంది కదా."

చెల్లి నవ్వింది. "అన్నయ్యకి ఖాళీ గడి కనిపిస్తే అన్నం సయించదమ్మా. పోనీ, నింపుకోనీ."

అమ్మ బైబిలు మూసి లోపలికి తీసుకెళ్ళింది. నేను ఏడు గడుల్లోనూ ఏడు టిక్కులు పెట్టి, కాగితాలను అదే వరసలో పేర్చి, పంచింగు చేసి, ట్యాగు కట్టాను. మర్నాడు మండపేటలో రిజిస్టరు పోస్టు చేశాను.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. దరఖాస్తు అందిందనీ, మినహాయింపు పరిశీలనలో ఉందనీ, సర్టిఫికెట్లను నిర్ధారణ కోసం సంబంధిత ఎమ్మార్వో కార్యాలయానికి పంపామనీ రాశారు. నేను ఆ చివరి వాక్యాన్ని చదివి సంతోషించాను. పని పద్ధతిగా జరుగుతోందనుకున్నాను.

ఆ తర్వాత ఎంసెట్ ఫలితాలు వచ్చాయి. చెల్లి ర్యాంకు మూడు వేల నాలుగు వందల పన్నెండు. లెక్చరరు గారు ఇంటికే వచ్చి, సీటు ఖాయమమ్మా అన్నారు. నాన్న ఆ రోజు పనికి వెళ్ళలేదు. అదే వారంలో ఎమ్మార్వో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

నాన్న, చెల్లి, నేను వెళ్ళాం. గుమాస్తా గారి ముందు ఫైలు తెరిచి ఉంది. పైన నేను కట్టిన ట్యాగు అలాగే ఉంది.

"ఈ రాత ఎవరిదయ్యా? అచ్చేసినట్టుంది."

"నాదండి."

"ఏం చదివావు?"

"ఎలక్ట్రికల్ డిప్లొమా అండి."

"రెండు ఫేజులు ఒకచోట కలిపితే ఏమవుద్దో చెప్పలేదా నీకు కాలేజీలో?"

పక్క సీటులోని ఆయన నవ్వాడు. నాకు జవాబు తెలుసు. షార్టు సర్క్యూటవుతుంది.

గుమాస్తా గారు నాన్న వైపు తిరిగారు. "ఏవయ్యా, మీరు హిందువులా, కిరస్తానీలా?"

"పేటోళ్ళవండి," అన్నాడు నాన్న.

"నేనడిగేది అది కాదయ్యా."

"ఊళ్ళో ఇప్పటిదాకా ఎవరూ ఇంకోటి అడగలేదండి."

ఆయన చెల్లిని చూసి, "తొమ్మిది వందల నలభై రెండు నువ్వేనా?" అన్నారు. చెల్లి తలూపింది. ఆయన గొంతు తగ్గించారు. "చూడమ్మా. మీ పాస్టరు గారి చేత ఒక కాగితం రాయించుకు రండి. నీకు బాప్తిస్మం ఇవ్వలేదు, ఆ సర్టిఫికెట్టు పొరపాటున ఇచ్చిందీ అని. నేను పైకి అలాగే రాస్తా."

ఆయన చెడ్డమనిషి కాదు. ఇది రాయాలి.

ఆ సాయంత్రం అయ్యగారి ఇంటికి వెళ్ళాం. పాస్టరు గారిని మేం అయ్యగారనే పిలుస్తాం. ఆయన మొత్తం విని, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కాలవలో ఈ పిల్ల చెయ్యి పట్టుకుని ముంచింది నేనేనమ్మా. చలికి వణికిపోయింది. ముంచలేదని ఎలా రాయను?"

"వద్దులెండి అయ్యగారూ," అంది అమ్మ. "మీ చేత అబద్ధం రాయించి దానికి డాక్టరు చదువెందుకండి."

చెల్లి నేల వైపు చూస్తూ నిలబడింది. అయ్యగారు చాలాసేపు చెల్లి వైపే చూశారు. తర్వాత కాగితం అడిగారు. "దేవుడికి నేను చెప్పుకుంటాలే," అని రాశారు. నాలుగు వాక్యాలు. సంతకం కింద ముద్ర కూడా వేశారు.

రెండోసారి మమ్మల్ని ఎమ్మార్వో గారి గదిలోకే పిలిచారు. అయ్యగారు కూడా వచ్చారు. ఎమ్మార్వో గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివారు. "సర్టిఫికెట్టు మీద రిజిస్టరు నంబరు వేసుంది. రిజిస్టరు ఉంటుంది కదండీ?" అన్నారు. ఉందన్నారు అయ్యగారు. "తెప్పించండి. ఒక్క పేజీ చూసి పంపించేస్తా."

అయ్యగారు నాకు బీరువా తాళం ఇచ్చారు. ఆయన చెయ్యి నా చేతిలో అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువసేపు ఉంది. ఏమైనా చెబుతారేమోనని ఆగి, సైకిలెక్కాను.

పేటకు రానుపోను ఆరు కిలోమీటర్లు. దారంతా కాలవ గట్టే. తిరిగి వచ్చేటప్పుడు రిజిస్టరు సైకిలు కారియర్ మీద ఉంది. కాలవ నిండుగా పారుతోంది. ఒకచోట దిగాను. చైను ఊడలేదు, టైరులో గాలి ఉంది. కారణం లేకుండానే దిగాను. అధికారి అడిగిన రికార్డు పోయిందంటే అయ్యగారి మీద కేసు పెడతారని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క సరైనదో కాదో ఇప్పటికీ తెలీదు. మళ్ళీ ఎక్కాను. తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

మా చర్చిలో ఒకే పేరున్న పిల్లలు చాలామంది. ఎవరెవరో తెలియడానికి అయ్యగారు ప్రతి చర్చి పేరు పక్కనా ఇంటిపేరు, బడి పేరు, తండ్రి పేరు రాసి పెట్టుకునేవారు. ఎమ్మార్వో గారి వేలు ఒక వరుస దగ్గర ఆగింది.

"ఈ అమ్మాయి నువ్వేనా?"

అయ్యగారు రాసిచ్చిన కాగితం ఆ రిజిస్టరు పక్కనే ఉంది. చెల్లి అయ్యగారి వైపు చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు.

"నేనేనండి," అంది.

ఎమ్మార్వో గారు ఆ పేజీ దగ్గర ఆపుతారనుకున్నాను. తిప్పారు. ముందు పేజీ, దాని ముందు పేజీ. మొదటి అట్ట దాకా వెళ్ళి, మళ్ళీ చివరి దాకా వచ్చారు. గుమాస్తా గారిని పిలిచి, ఒక తెల్లకాగితం తెమ్మన్నారు.

చెల్లి కులం సర్టిఫికెట్టు రద్దయింది. కౌన్సెలింగుకు బీసీ-సి కింద వెళ్ళాం. తన వంతు రాకముందే ఆ కోటాలో సీట్లు అయిపోయాయి. బోర్డు మీద ఆఖరి సీటు పక్కన సున్నా వేసినప్పుడు తను సర్టిఫికెట్ల కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లేవమంటే లేచింది. బస్సెక్కమంటే ఎక్కింది. బస్సు రావులపాలెం దాటింది.

"ఐదో గడి ఖాళీగా వదిలెయ్యాల్సింది అన్నయ్యా," అంది అప్పుడు. "నేను కూడా నవ్వాను ఆ రోజు."

అంతే. ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండేదని చాలాసార్లు అనిపించింది.

ఫీజు మినహాయింపు మంజూరయినట్టు ఉత్తరం ఆ తర్వాతి వారం వచ్చింది, హాల్‌టిక్కెట్టుతో సహా. చెల్లి వెళ్ళి పరీక్ష రాసింది. ఎంపికయింది కూడా. ఎంపిక పత్రం రెండో పేజీలో సంవత్సరానికి కట్టాల్సిన ఫీజు ఉంది. అందులో మినహాయింపు గురించి ఏమీ లేదు. నాన్న ఆ అంకె నా చేత రెండుసార్లు చదివించుకుని, కాగితం మడిచి చెల్లికి ఇచ్చేశాడు. తను రాజమండ్రిలో బీయస్సీలో చేరింది.

గుమాస్తా గారు తెల్లకాగితం మీద ఎక్కించుకున్న పేర్లకు నోటీసులు రావడం ఆ నెలలోనే మొదలైంది. హాస్టల్లో ఉన్న పిల్లలు, ట్రైనింగుకు ఎంపికైన వాళ్ళు, రైల్వే పరీక్ష రాసి ఎదురుచూస్తున్న ఒకతను. నోటీసు అందగానే ఎవరికి వాళ్ళు మా ఇంటికే వచ్చారు, జవాబు రాసిపెట్టమని. పేటలో ఫారాలు నింపేది నేనే కదా. అందరికీ రాశాను. ఎవరి జవాబూ నిలబడలేదు.

చెల్లిది కలుపుకుని, మా పేటలో ఆ ఏడు రద్దయిన సర్టిఫికెట్లు పదకొండు.