వరప్రసాదం మాస్టారు ఇచ్చిన సీసా

మలికిపురంలో నాతోపాటు బడిలో పనిచేసిన వరప్రసాదం మాస్టారికి దేవుడంటే భక్తి, సూదంటే చచ్చేంత భయం. ఆయనకు షుగరు ఉందని తెలిసి చాలా ఏళ్ళయింది. 1978 వేసవిలో అమలాపురం డాక్టరు భాస్కరరావు గారు గట్టిగానే చెప్పారు. ఈసారి కూడా మూత్రంలో షుగరు కనబడితే రోజూ ఇన్సులిన్ పొడిపించుకోవాల్సిందేనట. అంత మాట విన్న మనిషి నోరు కట్టుకోవాలా, వద్దా? పనసతొనలు కనబడితే మాస్టారికి ఒళ్ళు తెలియదు.

పరీక్షకు వెళ్ళాల్సిన ఉదయం భార్య జ్ఞానమ్మ గారి చేతిలో ఖాళీ మందుసీసా పెట్టారు.

"నువ్వు నింపియ్యి. ఏ రోగమూ లేనిదానివి."

"తప్పు కదండీ?"

"డాక్టరు గారు చూసేది రంగే కదా!"

ఆవిడ కాదనలేకపోయారు. ఈ తెలివితేటలు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇద్దరూ కలిసే ఆస్పత్రికి వెళ్ళారు. డాక్టరు గారు గాజుగొట్టంలో నీలం మందు పోసి, సీసాలోంచి చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచారు. నీలం కాస్తా పచ్చబడి, పసుపై, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. అంటే సీసాలో షుగరు నిండుగా ఉందన్నమాట.

డాక్టరు గారు ఇంకో గొట్టంలో వట్టి మూత్రమే పోసి కాచారు. పైభాగం తెల్లగా మసకేసింది. యాసిడ్ చుక్కలు వేసినా ఆ తెలుపు పోలేదు.

"ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తు, ఆల్బుమిన్, మూత్రంలో పోతోంది మాస్టారూ. కిడ్నీలు దెబ్బతింటున్నట్టున్నాయి. షుగరు ఏళ్ళ తరబడి ముదిరితే ఇలాగవుద్ది. ఏదీ, కాళ్ళు చూడనివ్వండి."

నొక్కి చూశారు. వాపు లేదు. ఇంత ఆల్బుమిన్ పోతుంటే కాళ్ళు వాచాలే అన్నట్టు డాక్టరు గారి నొసలు ముడిపడింది.

మాస్టారు జ్ఞానమ్మ గారి వైపు చూశారు. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఆవిడ రోగానికి తను మందు మింగాలి. అంతటి సమయంలోనూ ఆ మనిషి కాసేపు ఆలోచించాడు చూడండి, నా కోపమంతా అక్కడే. బల్ల మీద కూర్చున్న జ్ఞానమ్మ గారు చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు.

"అది నాది కాదండీ," అన్నారు మాస్టారు. "మా ఆవిడదండి."

డాక్టరు గారు తిట్టలేదు. ఆవిడ ముందు వంగి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి తీశారు. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్ళయిందమ్మా ఈ వాపు?"

"కిందటి క్రిస్మస్ కాణ్ణించండి. ఈయన జబ్బు గొడవే సరిపోతంది కదండీ, మళ్ళీ నాదెందుకని చెప్పలేదండి."

"ఒళ్ళు చేసిందనుకున్నానండీ," అని మాస్టారు అక్కడే, అందరి ముందూ ఏడ్చేశారు.