మణి పరుగెత్తిన సినిమా

మా చిన్నప్పుడు మా మణి ఒక సినిమాలో పరుగెత్తాడు... మణి మా ఇంటి కుక్క. తెల్లగా ఉండేవాడు. ఒక చెవి ఎప్పుడూ వాలి ఉండేది.

కాన్వెంటులో నేను నోరు విప్పేదాన్ని కాదు. సాయంత్రం కురుచికుప్పంలోని మా ఇంటి అరుగు మీద కూర్చుని పాఠాలన్నీ మణికే చదివి వినిపించేదాన్ని. పొద్దున బయలుదేరితే బడి గేటు దాకా వెంట వచ్చి, గంట కొట్టాక వెనక్కి వెళ్లేవాడు.

ఒకరోజు సెల్వం మామ వచ్చాడు. మా పక్కింటాయన... షూటింగులకు కార్లు కుదిర్చేవాడు.

"అన్నా, మీ మణిని ఒక్క గంట పంపీ. మద్రాసు నుంచి తెచ్చిన కుక్క వేస్టు. షేక్‌హ్యాండ్ ఇస్తాది, పల్టీ కొడతాది... కారెనక పరిగెత్తమంటే ట్రైనర్ మొహం చూస్తా కూచుంటాది."

"ఎవురి కారెనకో మా మణి యాడ పరిగెత్తుతాడు?" నాన్న నవ్వాడు.

"పాపను కార్లో కూచోబెడితే?"

నాన్న నా వైపు తిరిగాడు. "ఒక్కసారే పాపా. మూల తిరగంగానే ఆపేస్తారు."

సినిమాలో ఒక కుటుంబం ఊరు విడిచిపోతూ కుక్కను వదిలేస్తుంది. సముద్రం దగ్గరి పసుపు గోడల వీధి. వెనక సీట్లో సినిమా పాప... ఆమె కాళ్ల దగ్గర, కెమెరాకు కనబడకుండా నేను. మణి చూస్తుండగానే నన్ను ఎక్కించి తలుపు వేశారు.

రోడ్డు మీద వాడి గోళ్ల చప్పుడు వినబడింది. కారు ఆగి తలుపు తీయగానే ఒళ్లోకి దూకాడు. మూలుగుతూ మొహమంతా నాకాడు... ఎవరో వాడిని ఎత్తుకుని వెనక్కి తీసుకెళ్లారు.

"ఇంకోటి" అన్నాడు డైరెక్టరు.

"వద్దు నాన్నా..."

"ఇదే ఆఖరుది. అందరూ చూస్తా ఉండారు, ఏడవబాక."

ఈసారి సినిమా పాప ఏడవడం మరిచిపోయింది. మళ్లీ ఆఖరుది. తర్వాత గోడ మీద ఎవరి నీడో పడింది... మళ్లీ ఆఖరుది. ప్రతిసారీ మణి నేను నిజంగానే వెళ్లిపోతున్నాననుకున్నాడు. ప్రతిసారీ నేను దొరికానని సంబరపడ్డాడు.

మరోసారి కారు కదిలింది... చప్పుడు లేదు. లేచి వెనక అద్దంలోంచి చూశాను. మణి రోడ్డు మధ్యలో కూర్చున్నాడు. "మణీ!" అని అరిచాను. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. వాడు లేచి, నా వైపు ఒకసారి చూసి, ఇంటి దారి పట్టాడు.

"పోనీలే, ముందుది బాగుండాది" అన్నాడు సెల్వం మామ. నాన్నను డైరెక్టరు పక్కన నిలబెట్టి ఫోటో తీశారు.

మరునాడు బడికి బయలుదేరాను. మణి గడప దగ్గరే పడుకున్నాడు. పిలిస్తే తోక ఆడించాడు... లేవలేదు. ఆ తర్వాత ఎన్నడూ నా వెంట రాలేదు.

సినిమా వచ్చింది. ఆ పరుగు దగ్గర హాలంతా ఏడ్చింది. నాన్న కూడా తువ్వాలుతో కళ్లు తుడుచుకుని "ఏం విశ్వాసం పాపా!" అన్నాడు. ఆ రోజంతా నాన్నతో మాట్లాడలేదు. ఆయన గమనించలేదు... నేను మామూలుగానే మాట్లాడని పిల్లను కదా.

ఇప్పుడు అలాంటి పరుగుల కోసం హాలుకు వెళ్లక్కర్లేదు. రోజూ ఫోన్లోకే వస్తాయి... బండి వెనక ఒక కుక్క, కింద కన్నీటి బొమ్మలు. అందరూ కుక్కను చూస్తారు. నేను బండిలో ఎవరున్నారో వెతుకుతాను...

మిమ్మల్ని నమ్మి, ఒకరోజు నమ్మడం మానేసిన కుక్క మీ ఇంట్లోనూ ఉండేదా? దాని పేరైనా ఇక్కడ రాయండి...