లోపల గడియ లేని ఇల్లు

ఆ రోజుల్లో ఇళ్ళు పెద్దవాళ్ళ కోసం కట్టేవారు. పిల్లలు వాటిల్లో పుట్టి, పడి, లేచి, చెయ్యో కాలో ఒకసారి విరగ్గొట్టుకుని, ఎలాగోలా ఓటు హక్కు వచ్చేదాకా బతికి బయటపడేవారు. దాన్నే పెంపకం అనేవారు. గుణదలలో మా నాన్నగారు కట్టించిన ఇల్లూ ఆ బాపతుదే. డాబా మెట్లకి పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. వాకిట్లో నీళ్ళ సంపుకి మూతగా ఒక రేకు ముక్క, అదీ గాలి వీస్తే పక్కింటికి చుట్టపుచూపుగా వెళ్ళి రెండ్రోజులుండి వచ్చేది. ప్లగ్గు పాయింట్లయితే సరిగ్గా పాకే పిల్లల మొహానికి ఎదురుగా, మూడు కన్నాలతో రా రమ్మని పిలుస్తున్నట్టు ఉండేవి. అలాంటి ఇంట్లో నేను పెరిగాను. నుదుటి మీద ఒక గాటు, మోచేతి మీద రెండు, గడ్డం కింద ఒకటి (అది సంపుది) తప్ప నాకు జరిగిన లోటేమీ లేదు. అలాంటి నా ఇంటిని పట్టుకుని ‘పసిపిల్ల ఉండదగ్గది కాదు’ అని ఒకావిడ నలుగురిలో అన్నారంటే, పదహారేళ్ళయినా ఇప్పటికీ తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఆవిడ ఎవరో కాదు, మా అత్తగారు.

మా ఆవిడ మొదటి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. వాళ్ళది మైలవరం, మామిడితోటల కుటుంబం. ఆడపిల్ల పుట్టింది. మూడో నెల్లో తల్లినీ పిల్లనీ మా ఇంటికి పంపడం ఆనవాయితీ. అప్పటిదాకా నేను ప్రతి ఆదివారం బస్సెక్కి వెళ్ళి నా కూతుర్ని నేను చూసుకోవాలి. చూసుకోవడమంటే ఏముంది! నేను వెళ్ళేసరికి ‘ఇప్పుడే పడుకుంది, ముట్టుకోకండి’ అనేవారు అత్తగారు. లేవగానే ‘పాలకి లేచింది, ఇటివ్వండి’ అనేవారు. ఈ రెంటికీ మధ్య నా వాటాకి వచ్చేది మహా అయితే నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో ఆ బుడ్డది నా చూపుడు వేలు పట్టుకునేది. ఆ పట్టు మళ్ళీ ఆదివారం దాకా నా వేలికి తెలుస్తూనే ఉండేది. ఆఫీసులో ఆ వేలితో సంతకం పెట్టడం కూడా మానేశాను (ఇది కొంచెం ఎక్కువ చెప్పాను, కానీ కొంచెమే).

బారసాల నాడు, ఊయలలో పిల్లని వేసి, పేరు పెట్టి, అందరూ భోజనాలకి లేస్తున్న సమయంలో అత్తగారు గొంతు సవరించుకున్నారు.

“అల్లుడుగారూ, మీరేమీ అనుకోనంటే ఒక మాట.”

(ఈ ముక్కతో మొదలైన మాటల్లో నేను ఏమీ అనుకోకుండా విన్నది ఇంతవరకూ ఒక్కటీ లేదు.)

“పిల్లని మూడో నెల్లో ఆ ఇంటికి పంపలేనండీ. మెట్లకి పట్టు లేదు, సంపుకి మూత లేదు, చూసుకోవడానికి ఇంట్లో పెద్ద ఆడమనిషి లేదు. ఏడాది నిండనివ్వండి, నడకలొచ్చాక చూద్దాం.”

ఏడాది! అంటే యాభై రెండు ఆదివారాలు, ఆదివారానికి నాలుగు నిమిషాలు. లెక్క కట్టగానే నాకు కళ్ళు తిరిగాయి. “నేను ఆ ఇంట్లోనే పెరిగానండీ!” అన్నాను, నుదుటి మీదికి జుట్టు లాక్కుంటూ.

“మిమ్మల్ని చూశాకే కదండీ నా భయం” అన్నారావిడ.

పందిరంతా నవ్వింది. వంటవాళ్ళు గరిటెలు దింపి మరీ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. (దగ్గు వచ్చిందని ఇప్పటికీ బుకాయిస్తుంది.) నవ్వనిది మామగారొక్కరే. ఆయన ఆ ఇంట్లో మాట్లాడ్డం, నవ్వడం రెండూ మానేసి అప్పటికే చాలా కాలమైంది. పందిరి నవ్విన పౌరుషంలో నేను విస్తరి ముందు నిలబడి ప్రకటించాను: “మూడో నెల రాగానే మీరే వచ్చి చూసుకోండి. చీమ కూడా కాలు జారి పడని ఇల్లు చూపిస్తాను. చూపిస్తే పంపుతారా?”

“నాకు నచ్చితే ఆ రోజే ముహూర్తం పెట్టిస్తాను. నచ్చకపోతే మాత్రం ఏడాది మాటే” అన్నారు అత్తగారు, అప్పుడే ఏడాది గెల్చుకున్నట్టు.

ఇక్కడ మా డిపో బాబాయి గురించి చెప్పాలి. మా అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో నాకు తోడున్నది ఆయనే. ఆరడుగుల రెండంగుళాల మనిషి. ముప్ఫై ఏళ్ళు బస్సుల డిపోలో ‘జాగ్రత్త’ అనే మాటని గోడల మీద ఎర్ర రంగుతో రాయించిన ఉద్యోగం. రిటైరైనా ఆ మాట ఆయన్ని వదల్లేదు. మైలవరంలో జరిగిన అవమానం చెప్పగానే బాబాయి కుర్చీలోంచి లేచి, “ఒరేయ్ అబ్బాయ్, ఇన్‌స్పెక్షన్‌కి వస్తారటనా? రమ్మను. నా సర్వీసులో ఇన్‌స్పెక్షన్ ఫెయిలైన డిపో లేదు” అన్నాడు. ఆ రోజే నోరు మూసుకుని ఇద్దరం నాలుగు పిట్టగోడలు కట్టించుకుని ఊరుకోవాల్సింది.

సంపుకి బాబాయి చేయించిన ఇనప మూత ఎత్తాలంటే ముగ్గురు మనుషులు కావాలి. ఇంట్లో ఉన్నది ఇద్దరం. అందుచేత సంపు శుభ్రం చెయ్యడం అనే పని మా జీవితాల్లోంచి శాశ్వతంగా తొలగిపోయింది. గవర్నర్‌పేటలో నేను కొన్న స్పాంజి చూసి దుకాణదారు “పరుపుల వ్యాపారమా అండీ?” అని అడిగాడు. ఆ స్పాంజి బల్ల మూలలకి కట్టాం, గుమ్మాలకి కట్టాం, రుబ్బురోలుకి కట్టాం. పాత బొంతలు బీరువాకి చుట్టి తాళ్ళతో బిగించాం. పక్కింటి పిన్నిగారు వచ్చి దాన్ని ఎగాదిగా చూసి, “బీరువాకి చలి జ్వరమా అబ్బాయ్?” అనేసి వెళ్ళింది. ప్లగ్గు కన్నాలన్నీ టేపు వేసి మూసేశాం. ఆ నెల నా సెల్‌ఫోన్ ఆఫీసులోనే భోంచేసింది. వంటింటి అలమర తలుపులకి సైకిల్ ట్యూబు చుట్టాం. పంచదార కావాలంటే నేను తలుపుని గుంజి ఒక కాలు అడ్డం పెట్టి, చెయ్యి లోపలికి దూర్చి, ట్యూబు మణికట్టుని పట్టుకునేలోగా బయటికి లాగాలి. వారం తిరిగేసరికి చప్పటి కాఫీ అలవాటు చేసుకున్నాను.

అసలు విషయం గడియలది. డిపోలో ఎవరో మెకానిక్ మనవడు ఏడాదిన్నర వయసులో గదిలోకి పోయి లోపల గడియ వేసేసుకుంటే తలుపు పగలగొట్టారట. ఈ కథ చెప్పి బాబాయి స్క్రూడ్రైవర్ తీశాడు. సాయంత్రానికి ఇంట్లో లోపలివైపు గడియ అనేది లేకుండా పోయింది. పదకొండు గడియలు, వాటి మరలతో సహా ఒక పాత బిస్కట్ల డబ్బాలో పోసి అటకెక్కించాం. వాటికి బదులు తలుపుల బయటివైపు, పిల్లకి అందకుండా, పైన గడియలు పెట్టించాడు. ఎంత పైన? బాబాయి చెయ్యెత్తితే ఎంత అందుతుందో అంత పైన. నేను ఐదడుగుల నాలుగంగుళాలు. నాకు స్టూలు కావాలి. స్టూలు ఉంటే పిల్ల ఎక్కుతుందని దాన్నీ అటక మీద పెట్టేశాడు. స్టూలు దించాలంటే స్టూలు కావాలి.

“మరి బాత్‌రూమో, బాబాయ్?” అన్నాను, నీరసంగా.

“దానికీ అంతే. లోపలున్న వాళ్ళు ఏదో ఒక శబ్దం చేస్తూ ఉండాలి. పాటో, పద్యమో, ఎక్కాలో. శబ్దం వినపడకపోతే ఖాళీ అని లెక్క. ఖాళీ అయితే వెంటనే బయట గడియ పెట్టేయాలి. నీళ్ళ బకెట్లుంటాయి, పసిపిల్ల ఉన్న ఇంట్లో ఆ తలుపు తీసి ఉంచకూడదు.”

ఆ నెల్లాళ్ళూ నేను స్నానం చేస్తూ పన్నెండో ఎక్కం నుంచి పంతొమ్మిదో ఎక్కం దాకా మళ్ళీ నేర్చుకున్నాను. మిగిలిపోయిన స్పాంజి, పారెయ్యడం దేనికని, ఇన్‌స్పెక్షన్‌కి ముందురోజు బాత్‌రూమ్ తలుపుకి రెండు వైపులా రెండేసి అంగుళాల మందాన అతికించాను. అది నా సొంత తెలివి. పాపం, దానిలో బాబాయి పాత్ర ఏమీ లేదు.

మర్నాడు పొద్దున పదింటికల్లా అత్తగారూ మామగారూ మైలవరం బస్సు దిగి వచ్చారు. అత్తగారు చెప్పులు విప్పకుండానే సంపు చూశారు, తల పంకించారు. కొత్తగా పెట్టించిన మెట్ల పట్టుని ఊపి చూశారు, అది ఊగలేదు. ఆవిడ మొహంలో, మా పెళ్ళయ్యాక మొదటిసారి, నా పట్ల ఒక రకమైన మర్యాద కనపడింది. నాకు ఊయల కొక్కెం ఎక్కడ బిగించాలో కూడా కళ్ళకి కట్టేసింది. “కాళ్ళు కడుక్కుని వస్తా, మిగతాది చూద్దాం” అన్నారు. నేను పద్ధతంతా వివరించాను. ఆవిడ నన్ను అదోలా చూసి, దేవుడి నామాలు చదువుకుంటానని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

మామగారికి పెరట్లో కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను. పంచదార చాలలేదని ఆయన సైగ చేస్తే వంటింట్లోకి వెళ్ళాను. ఎంత గుంజినా ఆ రోజు సైకిల్ ట్యూబు లొంగలేదు. ఈలోగా డిపో బాబాయి అటుగా వచ్చాడు. బాత్‌రూమ్ ముందు ఆగి చెవి ఒగ్గాడు. లోపల అత్తగారు గొంతెత్తి నామాలు చదువుతూనే ఉన్నారు, కానీ నా స్పాంజి ఒక్క అక్షరాన్నీ బయటికి రానివ్వలేదు. శబ్దం లేదు కాబట్టి ఖాళీ. ఖాళీ కాబట్టి గడియ. బాబాయి చెయ్యెత్తి గడియ పెట్టి, వియ్యాలవారికి స్వీట్లు తేవాలని సంచీ పుచ్చుకుని బజారుకి వెళ్ళిపోయాడు.

అరగంట పోరాడి, చెంచాడు పంచదారతో నేను పెరట్లోకి వచ్చేసరికి మామగారు కళ్ళు మూసుకుని, కాళ్ళు చాపుకుని, హాయిగా కూర్చుని ఉన్నారు.

“అత్తగారు ఇంకా రాలేదాండీ?”

“రాలేదు” అన్నారాయన. నా పెళ్ళయ్యాక ఆయన నోట విన్న మొదటి మాట. “కూర్చోండి అల్లుడుగారూ. మీ ఇల్లు చాలా బాగుందండీ. ఎంత ప్రశాంతంగా ఉందో!”

అప్పుడు వినపడింది. ఆయన కుర్చీకి సరిగ్గా పైన బాత్‌రూమ్ వెంటిలేటర్ ఉంది. అందులోంచి “ఏవండీ! ఉన్నారా? తలుపు రావట్లేదండీ!” అని సన్నగా, అలిసిపోయిన గొంతు వస్తోంది.

“మామగారూ! వినపడుతోందా మీకు?”

“ఇందాకట్నుంచీ వినపడుతోంది” అన్నారాయన నిదానంగా. “భద్రంగానే ఉన్నారు కదా. ఆ పంచదార ఇటివ్వండి, ఒక్క కాఫీ తాగి వెళ్దాం.”

నేను లోపలికి పరిగెత్తాను. గడియ ఎక్కడో ఆకాశంలో ఉంది. స్టూలు అటక మీదుంది. కుర్చీ వేద్దామంటే ఇంట్లో ఉన్నవన్నీ, పెరట్లోదానితో సహా, పిల్ల ఎక్కినా బోల్తా పడకుండా, కాళ్ళు సగం కోయించిన కుర్చీలు. చివరికి మామగారు వచ్చి, కండువా తీసి భుజాన సర్దుకుని వంగారు. పెళ్ళిలో పళ్ళెంలో పెట్టి కడిగిన నా కాళ్ళని ఆ పెద్దమనిషి ఈసారి భుజాల మీద పెట్టించుకున్నారు. గడియ తీశాను. తలుపు తెరుచుకుంది. ఎదురుగా అత్తగారు. ఆవిడ కళ్ళకి కనపడిందేమిటి? భర్త, ఆయన భుజాల మీద అల్లుడు, ఇద్దరి మధ్యా ఒక కాఫీ గ్లాసు (అది మామగారు ఇంకా వదల్లేదు).

ఆవిడ అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. మెల్లిగా బయటికి వచ్చి, బొంతలు చుట్టుకున్న బీరువా పక్కన, కాళ్ళు తెగిన కుర్చీలో, దాదాపు నేల మీద, కూర్చున్నారు.

“అల్లుడుగారూ, మూడో నెల పిల్లండీ. బోర్లా పడ్డానికే ఇంకా నెల పట్టుద్ది. పాకడానికి ఎన్నాళ్ళో. అది లేచొచ్చి గడియ వేసుకుంటుందాండీ?”

ఇంత పనీ ఒక ఆర్నెల్లు ముందే చేశానని అప్పటిదాకా మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. యాభై రెండు ఆదివారాలూ వరసగా నా కళ్ళ ముందు నడిచి వెళ్ళాయి. తల వంచుకుని, “పిల్ల నా వేలు పట్టుకుంటదండీ. అది మర్చిపోతదేమోనని తొందరపడ్డాను” అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

అత్తగారు మామగారి వైపు తిరిగి, “ముహూర్తం చూడమని చెప్పండి పంతులుగారికి” అన్నారు. నేను ఎగిరి గంతెయ్యబోయాను. “ఆగండి. ఇంటికేం, బాగానే ఉంది. భయమల్లా మీతోనూ మీ బాబాయిగారితోనూను. అందుకని పిల్లతో పాటు నేనూ వస్తున్నా. దానికి నడకలు వచ్చేదాకా ఉంటా.”

చూశారా అన్యాయం! సంపు పాసయింది, మెట్లు పాసయ్యాయి, ఫెయిలయింది నేను! ఆవిడ అన్న ప్రకారమే వచ్చి, తొమ్మిది నెలలు ఉన్నారు. మొదటి రోజే బాత్‌రూమ్ గడియ దించి లోపల బిగించారు, స్పాంజిలన్నీ పీకించి దిండ్లు కుట్టించారు. మామగారు మైలవరంలో ఆ తొమ్మిది నెలలూ హాయిగా మాట్లాడుకుంటూ గడిపారని ఊళ్ళోవాళ్ళు చెప్పారు. పిల్ల మాత్రం నా వేలు మర్చిపోలేదు. మిగిలిన గడియల డబ్బా అటక మీదే ఉండిపోయింది. గదుల తలుపులకి మర కన్నాలు అలాగే మిగిలాయి.

పోయిన నెల మా అమ్మాయి (ఇంటర్ చదువుతోంది, నాకంటే అంగుళం పొడుగు) ఆ డబ్బా పట్టుకుని వచ్చింది. “నాన్నా, నా గదికి గడియ బిగించు. చదువుకుంటుంటే ప్రతి అయిదు నిమిషాలకీ ఏదో ఒకటి అడుగుతూ వచ్చేస్తావ్.”

నేనా! అయిదు నిమిషాలకా! నాకు ఒళ్ళు మండింది. తన కోసం ఒక ఇంటికి ఇల్లు విప్పేసినవాణ్ణి! అయినా నోరు మూసుకుని పాత కన్నాల్లోనే గడియ బిగించాను, తన చేతికి అందేట్టు. తను లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు చిన్నదే. స్క్రూడ్రైవర్ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను. లోపల ఏ అలికిడీ లేదు.

“అమ్మలూ, ఉన్నావా?”

“ఉన్నాను నాన్నా. ఏం, పాట పాడాలా?”

“పాడమ్మా” అన్నాను. “ఒక్క ముక్క చాలు.”