పాస్ కౌంటర్ కాక

"కాక పోయిండు బిడ్డా" అని చిన్నమ్మ ఫోన్లో అన్నప్పుడు నేను విదేశీయుల ఆఫీసులో నంబరు చీటీ పట్టుకుని కూర్చున్నాను. వీసా పొడిగింపుకు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్. నెలల తరబడి మెయిళ్లు పెడితే దొరికింది. ఆమె మాట వెంటనే తలకెక్కలేదు. "ఎక్కడికి పోయిండు చిన్నమ్మా?" అని అడిగాను. పొద్దున డ్యూటీకి బయలుదేరుతూ బూటు లేసు కట్టుకోవడానికి వంగినవాడు వంగినట్టే పక్కకు ఒరిగిపోయాడట. నేను లేచి తలుపు వైపు నడుస్తుంటే వెనకాల తెర మీద నా నంబరు వెలిగింది. వెలిగితే వెలగనీ అనుకుని బయటికొచ్చేశాను.

జర్మనీలో తెలుగువాళ్లు నడిపే ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరు ఆయన్ని చూసే ఉంటారు. కైజర్స్‌లౌటర్న్‌కు చదువుకోవడానికి వచ్చి, మొదటి వారం తల దాచుకునే చోటు లేక తిరిగిన తెలుగు పిల్లల్లో చాలామంది ఆయన ముందుగదిలో చాప మీద పడుకున్నవాళ్లే. నాకు ఆయన చుట్టం కాదు. మా బిల్డింగులో కింది అంతస్తు ఆయనది, పైకప్పు కింద ఇరుకు గది నాది. ఆయనది జగిత్యాల వైపు, నాది కరీంనగర్. ఆ లెక్కన మొదటి రోజే ఆయన కాక అయిపోయాడు, ఆయన భార్య చిన్నమ్మ అయిపోయింది. వాళ్లకు పిల్లలు లేరు.

ఆయన ఉద్యోగం ఊరి బయట అమెరికా సైనిక స్థావరం గేటు దగ్గర. సైనికుడేం కాదు. గేటుకు ఇవతల ఒక హాలు ఉంటుంది. లోపల పని ఉన్న బయటివాళ్లు అక్కడ పాస్‌పోర్టు చూపించి, ఒక్కరోజుకు పనికొచ్చే పాస్ తీసుకోవాలి. ఆ అద్దం వెనకాల కూర్చునేది కాక. జర్మనీ పౌరసత్వం, అమెరికా జీతం, జగిత్యాల మాట.

ఆ ఉద్యోగమంటే నాకు మొదటి నుంచీ మంట. పుస్తకాలు కొనే స్తోమత లేని హాస్టల్లో, చేతులు మారి నలిగిపోయిన కరపత్రాలే నాకు చదువు. ఆ చదువు తలకెక్కించుకుని, వచ్చిన మొదటి నెలలోనే, వాళ్లింట్లో చేపల పులుసు తింటూ "ప్రపంచంల యుద్ధాలన్నీ మీ గేటు నుంచే పోతున్నయి కాకా" అన్నాను. చిన్నమ్మ గరిటె ఆపింది. కాక ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టుకున్నాడు.

"నా గేటు నుంచి ప్లంబర్లు పోతరు, కేకులు తెచ్చేటోళ్లు పోతరు, పెండ్లికచ్చిన సుట్టాలు పోతరు. యుద్ధాలు పోయే గేటు వేరే ఉన్నదిరా. దానికి పాస్ అక్కర్లే."

ఆ రోజు నుంచి నాకు లీడర్ సాబ్ అని పేరు పెట్టాడు. మెట్ల మీద ఎదురైతే చాలు, "ఏం లీడర్ సాబ్, ఇయ్యాల ఎవలి మీద యుద్ధం?"

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరింటి తలుపూ కొట్టేవాడు కాదు. బెల్లు కూడా నొక్కడు. మెట్ల దగ్గర నిలబడి పేరు పెట్టి పిలిచేవాడు. పక్కింటి జర్మన్ ముసలామె మొదట్లో విసుక్కునేదట, తర్వాత ఆమె కూడా ఆయన్ని అలాగే పిలవడం మొదలుపెట్టింది. ఎందుకలా అని అడిగితే చాన్నాళ్లకు చెప్పాడు. ఎమర్జెన్సీలో ఆయన నాయినను పట్టుకుపోయారు. బడిపంతులు, సంఘంలో తిరిగేవాడు. తెల్లారకముందే తలుపు కొట్టారు. కాక అప్పుడు చిన్న పిల్లవాడు. నాయిన మళ్లీ ఇల్లు చేరాడు కానీ, ఆ తర్వాత ఎవరు తలుపు కొట్టినా తింటున్న పళ్లెం ముందు నుంచి లేచి నిలబడేవాడట. పాలవాడు కొట్టినా సరే.

"ఢిల్లీల ప్రెసిడెంటుది ఒక్క సంతకంరా. పెట్టమన్నోళ్లు పెట్టమన్నరు, పెట్టినోడు పెట్టిండు. నడుమల అడిగినోడు లేడు, ఆపినోడు లేడు. గంతే" అన్నాడు.

ఆయన రాజకీయమంతా అదే. ఒక మనిషి సంతకాన్ని ఇంకో మనిషి ఆపగలగాలి. ఒకసారి నన్ను పరీక్ష పెట్టాడు. "జర్మనీకి గూడ ప్రెసిడెంటు ఉన్నడు. పేరేంది చెప్పు లీడర్ సాబ్?" నాకు గుర్తుకు రాలేదు. చిన్నమ్మకూ రాలేదు. కాక తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "సూడు! ప్రెసిడెంటు పేరు యాదికి రాని దేశంల నిద్ర మంచిగ పడతది."

ఒకరోజు ఆయన మధ్యాహ్నం టిఫిన్ మరిచిపోతే ఇచ్చి రమ్మని చిన్నమ్మ నన్ను పంపింది. హాల్లో నా వంతు వచ్చింది. కాక అద్దం వెనక నుంచి నా మొహం చూసి, చెయ్యి చాపి, "పాస్‌పోర్ట్" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. కాదు. నా పేరు చదివాడు. ఎవరి పేరైనా రెండుసార్లు పైకి చదివి, సరిగ్గా పలికానా అని అడగడం ఆయన పద్ధతి. మనుషులు తమ పేరు సరిగ్గా వినపడితే కొంచెం భయం తగ్గి నిలబడతారని ఆయన నమ్మకం. నా పేరూ రెండుసార్లు చదివాడు.

"ఎవరిని కలవాలె?"

"నిన్నే కాకా! పెరుగన్నం తెచ్చిన!"

"నేను లోపల ఉండనురా. ఇవతలనే ఉంట. నన్ను కలువనీకి పాస్ అక్కర్లే. ఆ కుర్చీల కూసో, వస్త."

మరి పాస్‌పోర్టు ఎందుకడిగావని తర్వాత పోట్లాడాను. "లైన్ల నీ ముందటోన్ని అడిగిన, నీ ఎనకటోన్ని అడిగిన. జనరల్ పెండ్లాన్ని గూడ అడుగుత. నిన్నొక్కన్ని ఇడిచిపెడితె ఎట్లరా?" అన్నాడు.

అందుకేనేమో, రైల్లో జరిగింది ఆయనకు అంత గుచ్చుకుంది. మన కూరగాయల కోసం ముగ్గురం పారిస్ వెళ్లి వస్తున్నాం. సరిహద్దు దాటగానే పోలీసులు ఎక్కారు. ఈ మధ్య ప్రతి రైల్లోనూ ఉన్నదే కదా, మీకూ తెలుసు. పెట్టె నిండా జనం ఉన్నారు. వాళ్లు నేరుగా మా దగ్గరికి వచ్చారు. పోలీసు నోరు తెరవకముందే కాక కార్డు తీసి రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నాకు ఒళ్లు మండి లేచాను. "ఇంతమందిలో మేమే కనపడ్డామా?" అని జర్మన్‌లో గట్టిగా అడిగాను. ఆ పోలీసు నా కార్డు తీసుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. కాక నా చొక్కా పట్టి కింద కూర్చోబెట్టాడు.

"నీ వీసా వాని చేతిల ఉన్నప్పుడు లొల్లి పెట్టకు."

"నీకు రోషం లేదా కాకా?"

ఆయన కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇంటికి చేరేదాకా కొత్తిమీర కట్ట ఒళ్లో పెట్టుకుని, ఊడిన ఆకులు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేస్తూ కూర్చున్నాడు.

తర్వాత అమెరికాలో ప్రభుత్వం మూతపడింది. బడ్జెట్ మీద అధ్యక్షుడికీ చట్టసభకూ, పార్టీకీ పార్టీకీ తగాదా. ఒకడు సరిహద్దు అంటాడు, ఒకడు ఆస్పత్రుల ఖర్చు అంటాడు, ఇంకొకడు తప్పంతా అవతలివాడిదేనంటాడు. అక్కడ వాళ్లు డబ్బు మంజూరు చేయకపోతే ఇక్కడ కాక జీతం ఆగింది. గేటు మాత్రం ఆగలేదు. పనికి రావాలి, జీతం సంగతి తర్వాత చూస్తామన్నారు. చివరికి బెర్లిన్ ముందుకొచ్చి ఆ జీతాలు తాను సర్దుతానన్నది. ఎవరి గేటు, ఎవరి జీతమని కాక నెత్తి గోక్కున్నాడు.

జీతం కాదు అసలు గండం. ఆ ముందు నెలలోనే డాక్టరు ఆయన గుండెలో ఒక వాల్వ్ బాగా సన్నబడిందని, ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయించుకోవాలని చెప్పాడు. ఆస్పత్రి టెర్మిన్ కూడా ఇచ్చింది. ఖర్చంతా ఇన్సూరెన్సుదే. నా గదికి మెట్లెక్కి వస్తుంటే ఆయాసం వచ్చేది, మొదటి అంతస్తు మలుపులో ఆగి గోడ మీద పెచ్చులు చూస్తున్నట్టు నటించేవాడు. ఆయన చేయవలసిందల్లా డాక్టరు ఇచ్చే సిక్ నోట్ తెచ్చి ఆఫీసులో ఇచ్చి, వెళ్లి పడుకోవడం.

సరిగ్గా అప్పుడే ఆయనతో పనిచేసే వాళ్లలో ఒక గుసగుస మొదలైంది. జీతం ఇవ్వనప్పుడు అందరం ఒకేసారి సిక్ నోట్లు పెట్టేద్దాం, గేటు దానంతటదే మూతపడుతుంది అని. నాకు ఆ మాట విని ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లు కాగితాల మీద చదివింది కళ్ల ముందు జరుగుతుందనుకున్నాను. కాక మాత్రం ఆ రోజు నుంచి సిక్ నోట్ మాట ఎత్తితే చాలు, తల అడ్డంగా ఊపాడు.

చిన్నమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చెయ్యి పట్టుకుంది. "నువ్వన్న చెప్పు బిడ్డా. నా మాట ఇంటలేడు. దొంగ రోగపోళ్లల్ల నన్ను కలుపుతరంటడు."

నేను చెప్పాను. చెప్పడమంటే అరిచాను. టీవీలో అమెరికా అధ్యక్షుడు ఏదో మాట్లాడుతున్నాడు.

"నీకు నిజంగ రోగముంది కాకా! నిన్నెవడంటడు?"

"ఎవడు అనడు. అనుకుంటరు. పాస్ కౌంటరోడు పైసలియ్యలేదని అలిగి ఇంట్ల పన్నడు అనుకుంటరు. ఇన్నేండ్లు కూసున్న కుర్చీ అది."

"అనుకోనీ! ఆ దేశం నీకు కూలి ఎగ్గొట్టింది!"

"గది వేరే. ఆ ప్రెసిడెంటు ఎంత మొత్తుకున్నా ఆ సభ కాదంటె పైసల పెట్టె తెరుసుకుంటలేదు సూశినవా? నా జీతం ఆగిందంటె వాన్ని ఆపేటిది ఒక్కటన్న ఇంకా ఉన్నట్టేరా. మా నాయినప్పుడు గది లేకుండె."

"బాంబు వెయ్యాలన్నా, సైన్యాన్ని పంపాలన్నా ఆయన సంతకం ఆగుతదా? ఆగదు. నీ జీతం కాడికి వచ్చేసరికి ఆగుతది. గదేనా నీ హద్దు?"

కాక రిమోట్ తీసుకుని టీవీ సౌండు తగ్గించాడు. బొమ్మ మాత్రం అలాగే ఉంది, నోరు కదులుతూ. "లొల్లి అయిపోనీ. అయిపోయినంక మొదటి రోజే సిక్ నోట్ పెడత. అప్పుడెవడు ఏమంటడు?" అని చిన్నమ్మ వైపు చూశాడు. ఆస్పత్రికి ఆయనే ఫోన్ చేసి టెర్మిన్ వెనక్కి జరిపించుకున్నాడు. వచ్చే చలికాలం బట్టలు సర్దుకుంటున్నంత మామూలుగా మాట్లాడాడు.

లొల్లి అయిపోయింది కూడా. సభలు ఒప్పుకున్నాయి, అధ్యక్షుడు సంతకం పెట్టాడు, వెనకాల నిలబడ్డవాళ్లు చప్పట్లు కొట్టారు. అన్నమాట ప్రకారం కాక మర్నాడే సిక్ నోట్ మాట ఆఫీసులో చెప్పాడు, ఆస్పత్రికి ఫోన్ చేశాడు. కొత్త టెర్మిన్ వచ్చే నెలలో దొరికింది. అంతవరకు ఇంట్లో ఏం కూర్చుంటానని డ్యూటీకి పోతూనే ఉన్నాడు. బూటు లేసు దగ్గర ఆగిపోయింది ఆ వచ్చే నెల.

ఎవరి మీద కేకలెయ్యాలో నాకు తెలియడం లేదు. ఇన్నాళ్లూ ఏ ఘోరం జరిగినా రాత్రికి రాత్రి ఒక పేజీ రాయగలిగేవాణ్ణి. మొన్న కూర్చుని ఒక్క వాక్యం రాశాను, కొట్టేశాను. ఆయన్ని ఎవరూ చంపలేదు. ప్రతివాడూ తన నిబంధన ప్రకారమే నడిచాడు. సభ తన హక్కు వాడింది, అధ్యక్షుడు తన మొండితనం వాడాడు, ఆస్పత్రి తన వరుస పాటించింది. కాక తన పరువు కాపాడుకున్నాడు. ఒక మనిషి సంతకాన్ని ఆపే శక్తి లోకంలో ఉండాలని ఆయన కోరుకున్నాడు. ఆ శక్తి ఉంది. ఎక్కడ చూసినా చిన్నవాడి దగ్గరే దాని బలమంతా చూపిస్తోంది. ఇది మారుతుందని రాయాలని ఉంది. నాకు నమ్మకం లేదు కనుక రాయను.

దహనం అయ్యాక చిన్నమ్మ ఆయన ఉద్యోగపు బ్యాడ్జి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. నేను తోడు వెళ్లాను. లోపల ఆఫీసులో ఇవ్వాలి, లోపలికి పోవాలంటే పాస్ కావాలి. అదే హాలు, అదే అద్దం. కుర్చీలో కొత్తగా వచ్చిన జర్మన్ అమ్మాయి ఉంది. పాస్‌పోర్టు తీసుకుని చిన్నమ్మ పొడుగాటి పేరును సగంలో తుంచి చదివింది. చిన్నమ్మ సరిచేయలేదు.

"ఎవరిని కలవాలి?" అని ఆ అమ్మాయి అడిగింది.

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను ఆమె చేతిలోని బ్యాడ్జి వైపు చూశాను. చిన్నమ్మ మళ్లీ అద్దం వైపు తిరిగి, మెల్లగా, కాక పేరు చెప్పింది. ఆ పిల్ల టైపు చేసింది. ఆయన పేరు ఇంకా మెషిన్‌లో ఉన్నట్టుంది. పాస్ బయటికి వచ్చింది. పైన చిన్నమ్మ పేరు, కింద కలవాల్సిన మనిషి చోట కాక పేరు, సాయంత్రం దాకా చెల్లుతుందని ముద్ర.

నాకు పాస్ లేదు. నేను కాక చూపించిన ఆ కుర్చీలోనే కూర్చున్నాను. కిటికీలోంచి కనపడుతోంది. చిన్నమ్మ కోటు మీద ఆ తెల్ల కాగితం అంటించుకుని, గేటు కర్ర పైకి లేచేదాకా ఆగి, తల వంచుకుని లోపలికి నడిచింది. ఆమె వెనకాల కర్ర కిందికి దిగింది. లోపలి రోడ్డు చాలా పొడుగు. ఆమె ఇంకా నడుస్తూనే ఉంది.