పులి బొమ్మ డబ్బా

మా తర్లగూడ వైపు ఫోను మాట్లాడాలంటే ఊరి వెనక గుట్ట ఎక్కాల్సిన రోజులవి. ఇప్పుడు మంచం మీద పడుకునే ముచ్చట్లు పెడుతున్నారు గానీ, అప్పట్లో ఒక్క 'హలో' కోసం చెమటలు కక్కేవాళ్ళం. ఆ చెమట విలువ నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నేనప్పుడు ఫారెస్టు గార్డు భర్తీకి తయారవుతున్నాను. చదువు ఫర్వాలేదు, ఎత్తు సరిపోయింది. చిక్కల్లా ఛాతీతోనే. గాలి పీలిస్తే టేపు మీద ఇంతని పెరగాలి. నాది పీల్చినా వదిలినా ఒకటే. (ఊళ్ళో నన్ను ఎండుబొంగు అనేవారు. పేరు పెట్టినవాడి తప్పేమీ లేదు.) ఈ నౌకరీ వస్తే అమ్మకు మండుటెండలో తునికాకు కోసే పని తప్పుతుంది. అందుకే ఏమైనా సరే కొట్టి తీరాలనుకున్నాను.

భోపాలపట్నంలో కొట్టు నడిపే మా మేనమామ ఒక డబ్బా చేతిలో పెట్టాడు. దాని మీద నోరు తెరిచిన పులి, పులి కింద హిందీలో 'నెల తిరిగేలోగా ఉక్కు ఛాతీ'. "సర్కారీ నంబర్ గూడ ఉన్నది చూడు అల్లుడా. ఉత్తగ ఇస్తరా?" అన్నాడు. ఇంకేం, నా ఛాతీకి సర్కారే పూచీ అనుకున్నాను. (అది తిండి సరుకులన్నిటికీ ఇచ్చే లైసెన్సు నంబరేనని, మసాలా పొట్లం మీద కూడా ఉంటుందని తర్వాత తెలిసింది.)

ఇంటికొచ్చి మూత తీయబోతే తాత నా చెయ్యి పట్టుకున్నాడు. మా దగ్గర మామిడికాయైనా చిక్కుడైనా, కొత్తది ఏదైనా కొత్తల పండుగ చేసి మొక్కనిదే నోట పెట్టరు. ఊళ్ళో ఆ పూజ చేసేది తాతే. "ఇది ఏ చెట్టుదిరా?" అన్నాడు. డబ్బా ఎంత తిప్పి చూసినా 'విశేష మిశ్రమం' అని తప్ప ఏమీ లేదు. "చెట్టు పేరు తెల్వకుండ ఏమని మొక్కాలె? కనుక్కొని రా, మొక్కినంక తిందువు."

సరే, కనుక్కునే వస్తానని పంతం పట్టాను. డబ్బా మీద కంపెనీ నంబరుంది. గుట్టెక్కి ఫోను చేస్తే పాట వినిపించి కట్టయింది. మర్నాడు ఎక్కేసరికి ఆఫీసు మూసేశారు. నడిచి లాభం లేదని పరుగెత్తడం మొదలుపెట్టాను. రోజూ పొద్దున ఒకసారి, మాపు ఒకసారి, వానైనా సరే. భర్తీ దగ్గరపడ్డాక గానీ ఫోన్లో ఒకమ్మాయి దొరకలేదు. మేం మాట్లాడుకున్నది హిందీలోనే.

"ఇది ఏ చెట్టుది మేడమ్?"

"అది కంపెనీ రహస్యం సర్."

"ఛాతీ పెరుగుతుందా?"

"మేమలా చెప్పం సర్. ఇది మందు కాదు, ఆహారం."

"మరి డబ్బా మీద రాశారు కదా?"

"అది ప్రచారం సర్."

"మరి పులి?"

"పులి డిజైన్ సర్."

చెట్టు లేదు, పండుగ లేదు. సీలు తీయని డబ్బాను మామకు వాపసిచ్చేసి, ఏడుపు మొహంతో భర్తీకి మా జిల్లా కేంద్రం బీజాపూర్ వెళ్ళాను. టేపు పట్టినాయన గాలి పీల్చమన్నాడు. పీల్చాను. టేపు సరిచేసి ఇంకోసారి పీల్చమన్నాడు. "పాస్" అన్నాడు. ఆ క్షణంలో నాకు కనిపించింది పులి కాదు, మా గుట్ట.

నౌకరీలో చేరి మామ కొట్టుకెళ్తే, పులి డబ్బాల పక్కన నా ఫోటోలు రెండు అంటించి ఉన్నాయి. ఒకటి ఎండుబొంగు, ఒకటి యూనిఫాం. అంత దూరం ఉసూర్ నుంచి కూడా కుర్రాళ్ళు వచ్చి అవి చూసి కొంటున్నారట.

"నేను తినలేదు కదా మామా?"

"తిన్నవని రాసిన్నా? ఉత్త డిజైనే అల్లుడా."

నాకు ఒళ్ళు మండింది. రెండూ పీకేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. మామ చాలాకాలం నాతో మాట్లాడలేదు.

ఇప్పుడు నా ఛాతీ కంటే పొట్టే ముందు నడుస్తోంది. మొన్న మా ఆవిడ పొట్ట తగ్గించే పొడి తెచ్చింది. డబ్బా మీద జింక బొమ్మ. "ఇది ఏ చెట్టుది?" అన్నాను. "నంబరున్నది, మీరే ఫోన్ చేసి అడుగున్రి" అంది. ఇంట్లో సిగ్నలు బ్రహ్మాండంగా ఉంది. అయినా ఫోను పట్టుకుని గుట్టకేసి నడిచాను. సగం ఎక్కేసరికి ఊపిరందక ఒక బండ మీద కూలబడ్డాను. తాత ఉంటే నవ్వేవాడు. ఈ దారినే వానలో ఆగకుండా పరుగెత్తిన ఎండుబొంగు గుర్తొచ్చి, నేనే నవ్వుకున్నాను.