చెవిమేస్త్రి తిరిగి పెట్టిన చప్పుడు

ఆ పేటలో కారు మెకానిక్కులకేం కరువు లేదు గానీ, చెవిమేస్త్రి మాత్రం ఒక్కడే. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. బండి షెడ్డులోకి వస్తుంటే కళ్ళు మూసుకుని వినేవాడు, బానెట్ ఎత్తకముందే జబ్బు చెప్పేసేవాడు. అనుమానం ఉంటే పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, మొహం డాక్టరుగారిలా గంభీరంగా పెట్టేవాడు. "ఇంట్లో నేను గొంతు చించుకున్నా ఈయనకి వినపడదు. వీధి చివర ఎవరి బండో మూలిగితే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోతాడు" అని వాళ్ళావిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. మేస్త్రి దాన్ని పొగడ్త కిందే జమకట్టుకునేవాడు.

అతనికున్న పిచ్చల్లా ఒకటే. తన షెడ్డు దాటిన బండి చప్పుడు చెయ్యకూడదు. బ్రేకుల కోసం తెచ్చిన బండిలో తలుపు కిర్రుమంటే, అడిగినా అడక్కపోయినా ఆ తలుపు సంగతి కూడా చూసి గానీ పంపేవాడు కాదు. తొందరపెట్టినవాళ్ళ మీద ఇంతెత్తున లేచేవాడు. "చప్పుడంటే బండి ఏడుపయ్యా. ఏడుస్తున్నదాన్ని రోడ్డు మీదికి తోలెయ్యమంటావా?" అనేవాడు.

ఒకరోజు పొద్దున్నే వెనక సందులో ఉండే నర్సమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. వాళ్ళాయన వంతెనలు కట్టించే ఇంజనీరు. ఆయన పోయి ఏళ్ళయింది. ఆయన కారు అప్పటినుంచీ ఇంటి పక్క షెడ్డులో టార్పాలిన్ కింద పడి ఉంది.

"దాన్ని నడిపించాలి మేస్త్రిగారూ, త్వరగా" అంది.

"అమ్మేస్తున్నారా అమ్మా?"

"లేదు. మా అత్తయ్యకి వినిపించాలి."

మేస్త్రికి అర్థం కాలేదు. ఆమె నిలబడే చెప్పింది. అత్తగారు మంచం పట్టిన మనిషి. చూపు పోయింది, గుండె బలహీనం. కొడుకు ఆసుపత్రిలో పోయినప్పుడు ఆ కబురు చెబితే ఆవిడా దక్కదని డాక్టర్లన్నారు. కాస్త కోలుకున్నాక చెబుదామనుకుంది నర్సమ్మ. ఆవిడ కోలుకుంది, ఈవిడకే నోరు రాలేదు. ఆయనకి నయమైందని, ఎక్కడో దూరాన పెద్ద వంతెన కడుతున్నారని, కారేసుకుని అక్కడికి వెళ్ళాడని చెప్పింది. ఫోను చేశాడనీ, స్తంభాలు లేచాయనీ, వరదొచ్చి పని ఆగిందనీ రోజుకో కబురు అల్లుతూ వచ్చింది.

"ఈపాటికి ఆ వంతెన కట్టి, కూల్చి, మళ్ళీ కట్టి ఉంటారమ్మా" అన్నాడు మేస్త్రి. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

నర్సమ్మ నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. "ఆవిడకిక ఎన్నో రోజుల్లేవు. కొడుకు బండి మలుపు తిరిగిన చప్పుడు ఒక్కసారి వింటే చాలంటోంది. అది విన్నాక నిద్రలోనే పోతుందని నా ఆశ."

"ఇది దొంగనాటకం అమ్మా. నేను బండ్లు బాగుచేస్తా గానీ వేషాలు కట్టను" అని మేస్త్రి మొహం మాడ్చుకున్నాడు. ఆమె బతిమాలలేదు. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా అతను నర్సమ్మ ఇంటి పక్క షెడ్డు ముందున్నాడు. ఆగిపోయిన ఇంజన్ ఉందంటే కాళ్ళు అటే లాగుతాయి, ఏం చేస్తాడు!

నేల పట్టేసిన టైర్లలో గాలి నింపి, బ్రేకులు విడిపించి, ముసలావిడకి వినపడకుండా బండిని అతనూ నర్సమ్మా కలిసి మెల్లగా తోసుకుంటూ సందు దాటించి మేస్త్రి షెడ్డుకి చేర్చారు. ట్యాంకులో పెట్రోలు వార్నిష్ వాసన వేస్తోంది. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుకలు కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఖాళీ చేసి కూడా వెళ్ళిపోయాయి. అవన్నీ అతనికి మామూలే. మామూలు కానిది డ్రైవరు సీటు. అందులో ఒక మనిషి కూర్చున్న గుంట అలాగే ఉంది. మేస్త్రి కూర్చుంటే అది అతనికి సరిపోలేదు. ఇంకొకరి చెప్పుల్లో కాలు పెట్టినట్టనిపించి, గబుక్కున దిగి, వెనక సీటులోంచి ఒక దిండు లాక్కుని వేసుకున్నాడు. డాష్‌బోర్డు అరలో కళ్ళజోడు ఉంది. అద్దాల మీద వేలిముద్రలు. ఆ అర మూసేసి మళ్ళీ తెరవలేదు.

ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త నూనె పోసి నాననిచ్చాడు. ఇంజన్‌ని చేత్తోనే మెల్లగా తిప్పి చూశాడు. కార్బురేటర్ కడిగాడు, కొత్త బ్యాటరీ పెట్టాడు. అలవాటు కొద్దీ టాపెట్లు టక్కుటక్కుమనకుండా సరిచేశాడు, కింద గిలగిలలాడుతున్న సైలెన్సర్ గొట్టం క్లాంపు బిగించాడు. తాళం తిప్పితే బండి కాసేపు దగ్గి, పొగ కక్కి, చివరికి ఊపిరి పట్టుకుంది. ఇంకాస్త సేపటికి పిల్లి నిద్రపోతున్నట్టు గురకపెట్టింది. మేస్త్రి మురిసిపోయాడు. ఇంత మెత్తగా ఏ బండీ తన చేతిలోంచి వెళ్ళలేదనుకున్నాడు.

మర్నాడు సాయంత్రం సందులోంచి ఒకసారి పోనిచ్చాడు. కిటికీ దగ్గర నర్సమ్మ నిలబడి ఉంది. కాసేపటికి షెడ్డుకొచ్చింది.

"ఎవరిదో బండి పోయిందంది" అని చెప్పింది. "అంతే. అటు తిరిగి పడుకుంది."

మేస్త్రికి మొహం మీద నీళ్ళు చల్లినట్టయింది. బండిని బాగుచేస్తున్నాననుకుని ఆ ఇంటి మనిషి రాక చప్పుడునే తుడిచేశానని అప్పటికి తెలిసొచ్చింది. "దాని పాత చప్పుడు ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు.

నర్సమ్మ "నాకు తెలియదు" అంది. "నేనెప్పుడూ లోపల కూర్చునేదాన్ని కదా. బయటినుంచి విన్నది ఆవిడే."

ఫ్యాను చూడ్డానికొచ్చాడని చెప్పి అతన్ని ఆ గదిలోకి తీసుకెళ్ళింది. శుభ్రమైన గది. మందుల సీసాలు, మంచం పక్క స్టూలు, దాని మీద స్టీలు గ్లాసు. ముసలావిడ దుప్పట్లో ఉందో లేదో అన్నట్టుంది. నర్సమ్మ అటూ ఇటూ మాటలు తిప్పి, "ఆయన బండి ఎలా చప్పుడు చేసేది అత్తయ్యా?" అంది.

"ఎందుకు, వస్తున్నాడా?"

జవాబు కోసం ఆగకుండా ముసలావిడ చెయ్యి చాచి గ్లాసు వెతుక్కుంది. గోరుతో దాని అంచు మీద కొట్టడం మొదలుపెట్టింది. టక్కు. టక్కు టక్కు. టక్కు. "మలుపు దగ్గర ఇది మెల్లగా అవుతుంది" అంది. గోరు మెల్లగా అయింది. "ఇప్పుడు కింద ఏదో గిలక్కాయలా ఆడుతుంది." నాలికతో ఆ చప్పుడూ చేసింది. "గేటు ముందు ఒక నిట్టూర్పు. అంతే, వచ్చేశాడు."

మేస్త్రి కళ్ళు మూసుకుని విన్నాడు. ఆ మంచం పక్కకి బండి నిజంగానే వచ్చి ఆగింది. కళ్ళు తెరిచేందుకు భయం వేసింది, ఎవరు కనిపిస్తారోనని.

షెడ్డుకెళ్ళి, జన్మలో చెయ్యని పని చేశాడు. బాగున్నదాన్ని చెడగొట్టాడు. టాపెట్ల మధ్య ఖాళీ పెంచుతుంటే చేతులు మొరాయించాయి. సైలెన్సర్ క్లాంపు వదులు చేశాడు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు, కాదనుకున్నాడు, మళ్ళీ మార్చాడు. ఆ గోటి చప్పుడు చెవిలో పెట్టుకుని దానికి ఇంజన్‌ని జతకలుపుతూ పోయాడు. జత కలిసిన క్షణం అతనికి తెలిసింది. బండి గొంతు మారింది. షెడ్డులో తను ఒంటరిగా లేనట్టు అనిపించి, పనిముట్లు ఎక్కడివక్కడే వదిలేశాడు.

పొద్దు వాలుతుండగా బయల్దేరాడు. స్టీరింగు సందు వైపే లాగుతోంది. చక్రాల అలైన్‌మెంట్ తప్పింది, అందుకే లాగుతోందని తెలుసు. తెలిసినా దాన్ని ఎదురు తిప్పడానికి చెయ్యి రాలేదు. మలుపులో ఉండే టైలరు మిషను మీంచి తల ఎత్తకుండానే, పాత అలవాటు కొద్దీ, పలకరింపుగా చెయ్యెత్తాడు. ఆ తర్వాత తలెత్తి చూశాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. మేస్త్రి అతని కళ్ళలోకి చూడలేకపోయాడు.

గేటు ముందు బండి నిట్టూర్చింది. తాళం మీద చెయ్యి పెట్టి మేస్త్రి ఆగిపోయాడు. ఇంజన్ ఆపితే ఎవరో ఒకరు దిగాలి. దిగినవాడు లోపలికి నడవాలి. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కరూ ఆలోచించలేదు. బండి నడుస్తున్నంతసేపే ఆ కొడుకు ఇంటికొచ్చినట్టు.

నర్సమ్మ పరుగున వచ్చి, పక్క తలుపు తీసుకుని కూర్చుని, తలుపు వేసుకుంది. రొప్పుతోంది. "గుర్తుపట్టింది" అంది. "లేపి కూర్చోబెట్టమంది. జుట్టు దువ్వమంది."

"ఇప్పుడేం చేద్దాం అమ్మా?"

"ఆపకండి. ఇంకాసేపు ఆపకండి."

అతను ఆపలేదు. టక్కు టక్కుమని బండి ఆ ఇద్దరినీ మోస్తూ నిలబడింది. నర్సమ్మ డ్రైవరు సీటు వైపు చూడకుండా ఎదర అద్దంలోంచి చూస్తోంది. చూస్తే అక్కడ మేస్త్రి ఉంటాడు కదా. కాసేపటికి తనే చెయ్యి చాచి తాళం తిప్పేసింది. సందంతా చప్పున నిశ్శబ్దమైంది.

కిటికీలోంచి ముసలావిడ గొంతు వినిపించింది. సన్నగా ఉన్నా వణకలేదు.

"అమ్మాయ్, ఒక్క తలుపే చప్పుడైంది, నువ్వెక్కిందే. వాడు దిగిన చప్పుడు లేదు."

నర్సమ్మ చెయ్యి ఇంకా తాళం మీదే ఉంది.

"నువ్వు వాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళి తిరిగొచ్చిన రోజు కూడా ఒక్క తలుపే. అప్పుడే తెలుసు నాకు."

"మరి అడగలేదేం అత్తయ్యా?" ఆ గొంతు నర్సమ్మదంటే మేస్త్రి నమ్మలేకపోయాడు.

"నువ్వు రోజూ వాడి కబుర్లు చెప్తున్నావుగా. అడిగితే ఆపేస్తావని." ముసలావిడ కాస్త ఊపిరి తీసుకుంది. "వాడి బండి వినేశాను. ఇక చాల్లే. లోపలికొచ్చి ఆ ఒక్క ముక్కా నిజం చెప్పు. పోయేముందు నన్నడిగాడా?"

నర్సమ్మ దిగి వెళ్ళింది. గదిలో మంచం కిర్రుమంది.

"అడిగాడు అత్తయ్యా. అమ్మ మందు వేసుకుందా అని అడిగాడు."

మేస్త్రి స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాడు. ఇంజన్‌లో ఏ మూల ఏది తేడాగా మోగినా పట్టేసే మనిషికి, ఆ మాట నిజమో, చివరి అల్లికో తేలలేదు. తేల్చుకోవాలని కూడా అతనికి అనిపించలేదు. లోపల ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. తలుపు చప్పుడవకుండా దిగి, బండి అక్కడే వదిలేసి, ఇంటికి నడిచి వెళ్ళాడు. దాన్ని మళ్ళీ స్టార్ట్ చెయ్యమని తర్వాత ఎంతమంది అడిగినా, ఆ సందులోకి వెళ్ళడానికి అతనికి ధైర్యం చాల్లేదు.